బేలట్ఠసీసుడి చీవరం: మూలికలు, ఎలర్జీ, తెరిచిన పిడికిలి

ఆనందుడికి ఉపాధ్యాయుడైన బేలట్ఠసీస థేరుడికి ఒకప్పుడు చర్మవ్యాధి వచ్చింది. ఒళ్లంతా పుండ్లు. వాటి నుంచి కారే రసికి చీవరం ఒంటికి అంటుకుపోయేది. తోటి భిక్షువులు నీళ్లు తెచ్చి, గుడ్డను తడిపి తడిపి, నొప్పి తెలియకుండా మెల్లగా ఊడదీస్తుండేవారు. విహారంలో తిరుగుతూ బుద్ధుడు ఆ దృశ్యం చూశాడు. ఏమిటీ జబ్బు అని అడిగి తెలుసుకున్నాడు. దురద, కురుపులు, కారే పుండ్లు ఉన్నవాళ్లు మందు చూర్ణాలు వాడుకోవచ్చునని అనుమతించాడు. చూర్ణం కావాలంటే దంచాలి కదా, రోలూ రోకలీ ఉంచుకోవచ్చునన్నాడు. దంచింది బరకగా ఉంటే పుండు మీద ఒరుసుకుంటుంది కనుక జల్లెడ అనుమతించాడు. అది చాలకపోతే గుడ్డతో జల్లించుకోమన్నాడు. మరోచోట ఇదే బేలట్ఠసీసుడి కారణంగా, పుండ్ల మీద కప్పుకునేందుకు ఒక ప్రత్యేక వస్త్రాన్ని కూడా అనుమతించాడు. దాని పేరు కండుపటిచ్ఛాది, అంటే దురదను కప్పే గుడ్డ. దాని పొడవు వెడల్పులకు కూడా పాతిమొక్ఖంలో కొలత ఉంది.

చూర్ణాల ఘట్టం వినయ పిటకంలోని మహావగ్గ ఆరో ఖంధకంలో ఉంది. దాని పేరే భేసజ్జక్ఖంధకం, మందుల అధ్యాయం. వ్యాధి పేరు పాళీలో 'థుల్లకచ్ఛు'. అనువాదకులు తలా ఒక పేరు పెట్టారు. అది గజ్జి కావచ్చు, ఎగ్జిమా కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. ఇరవై అయిదు శతాబ్దాల దూరం నుంచి నాడి పట్టి చూడటం మా పని కాదు. ఆ అధ్యాయంలో మమ్మల్ని ఆపేసింది మరొకటి. అందులో మహిమలు లేవు. మంత్రించిన విభూతి లేదు. పూర్వజన్మ పాపం ప్రస్తావన లేదు. ఒక మనిషికి దురద పుట్టింది, దానికి రోలు, రోకలి, జల్లెడ, గుడ్డ.

అదే అధ్యాయంలో మూలికల పట్టికలున్నాయి. వేర్లలో పసుపు, అల్లం, వస, అతివస, కటుకరోహిణి, వట్టివేరు, తుంగముస్తలు. ఆకుల్లో వేప, కొడిసెపాల, చేదుపొట్ల, తులసి, పత్తి. కాయల్లో వాయువిడంగాలు, పిప్పళ్లు, మిరియాలు, కరక్కాయ, తానికాయ, ఉసిరి. జిగురుల్లో ఇంగువ. మన పల్లెల్లో ఏ పెద్దమ్మను అడిగినా వీటిలో సగం పేర్లు చెబుతుంది. నెయ్యి, వెన్న, నూనె, తేనె, బెల్లం ఏడు రోజులకు మించి దాచుకోకూడదని నియమం. ఈ వేర్లనూ ఆకులనూ కాయలనూ మాత్రం జీవితాంతం దగ్గర ఉంచుకోవచ్చు. ఒక షరతు ఉంది: కారణం ఉంటేనే వాడాలి. జబ్బు లేకుండా తింటే దుక్కట దోషం.

ఈ పట్టికను చూడగానే ఈ రోజుల్లో రెండు రకాల మాటలు వినిపిస్తాయి. ఒకటి, మన పూర్వీకులకు అన్నీ ముందే తెలుసు, పాశ్చాత్యులు ఇప్పుడు కనిపెడుతున్నారు అనేది. అంబేడ్కరైట్ బౌద్ధుల సభల్లో కూడా ఈ మాట కొత్త చొక్కా వేసుకుని, బుద్ధుడే తొలి ఔషధ శాస్త్రవేత్త అన్న రూపంలో వస్తోంది. రెండోది, ఇదంతా చెట్టు మందుల చాదస్తం అని ఒక్క ఊపులో కొట్టిపారేసే మాట. ఉబ్బసంతో రాత్రంతా కూర్చునే పిల్లవాడున్న ఇంట్లో ఈ రెండు మాటలూ ప్రమాదకరమైనవే. కాబట్టి మొక్కల్లోని పదార్థాలు ఎలర్జీ వాపును తగ్గిస్తాయా అన్న ప్రశ్నను కాస్త చరిత్రలోకి దిగి చూద్దాం.

'ఎలర్జీ' అన్న మాటకే నూట ఇరవై ఏళ్లు. 1906లో వియన్నా పిల్లల వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే ఆ పదాన్ని తయారుచేశాడు. అంతకుముందు 1878లోనే పాల్ ఎర్లిక్ మాస్ట్ కణాలను గుర్తించి పేరు పెట్టాడు, అవి చేసే పని అప్పటికి తెలియదు. 1910 నాటికి హెన్రీ డేల్, లెయిడ్లా హిస్టమిన్ ప్రభావాన్ని వివరించారు. 1960ల మధ్యలో కిమిషిగె ఇషిజాకా, ఆయన భార్య టెరుకో ఇషిజాకా ఐజీఈ అనే ప్రతిరక్షకాన్ని పట్టుకున్నారు. వీటన్నిటినీ కలిపితే కథ ఇలా నడుస్తుంది. దుమ్ములోని సూక్ష్మ పురుగు గానీ పుప్పొడి గానీ ఒంట్లోకి వచ్చినప్పుడు, కొందరి శరీరం దాన్ని శత్రువుగా ముద్రవేసి ఐజీఈ తయారుచేస్తుంది. అది వెళ్లి మాస్ట్ కణాల మీద కూర్చుంటుంది. మరోసారి అదే పుప్పొడి తగిలితే మాస్ట్ కణం నిమిషాల్లో పగిలినట్టుగా హిస్టమిన్‌ను వెదజల్లుతుంది. తుమ్ములు, దద్దుర్లు, పిల్లికూతలు మొదలవుతాయి. కొన్ని గంటల తర్వాత ఇసినోఫిల్స్ వంటి తెల్ల రక్తకణాలు గుంపుగా వచ్చి శ్వాసనాళాల గోడలను వాపెక్కిస్తాయి. మొదటి దాన్ని ఆపడం వేరు, రెండో దాన్ని చల్లార్చడం వేరు. మూసుకుపోయిన గొట్టాన్ని కాసేపు తెరవడం ఇంకా వేరు. 'ఈ ఆకు ఉబ్బసానికి పనిచేస్తుంది' అని ఎవరన్నా అంటే ఈ మూడింటిలో ఏ పనికి అని అడగాలి.

వినయంలోకి మళ్లీ వెళ్దాం. పిలిందవచ్ఛ థేరుడికి తలనొప్పి. తలకు నూనె రాసినా తగ్గలేదు. ముక్కులో మందు వేయడాన్ని బుద్ధుడు అనుమతించాడు. నూనె ఒలికిపోతోందంటే ముక్కులో వేసే గరిటెను, రెండు రంధ్రాల్లోకీ సమానంగా పోవడం లేదంటే జంట గరిటెను అనుమతించాడు. అప్పటికీ తగ్గకపోతే మందు పొగ పీల్చమన్నాడు. భిక్షువులు వత్తి వెలిగించి నేరుగా పీల్చబోయి గొంతు కాల్చుకున్నారు. అప్పుడు పొగగొట్టం వచ్చింది. కొందరు ఆడంబరంగా వెండి బంగారు గొట్టాలు పెట్టుకుంటే జనం విమర్శించారు. ఎముక, కొమ్ము, వెదురు, కొయ్య, లక్క, శంఖం వంటివి చాలునన్నాడు. గొట్టంలోకి పురుగులు దూరుతున్నాయంటే మూత, గొట్టాలు ఒకదానికొకటి ఒరుసుకుంటున్నాయంటే జంట సంచి. ఈ ఓపిక చూసి మాకు నవ్వూ వచ్చింది, గౌరవమూ కలిగింది. ఒక సమస్య, ఒక పరిష్కారం, ఆ పరిష్కారం తెచ్చిన కొత్త సమస్య, దానికి మరో పరిష్కారం. ఆసుపత్రి నడిపిన వాళ్లకు ఇది తెలిసిన లెక్కే.

ఆ పొగలో ఏ మూలిక వేశారో ఆ కథ చెప్పదు. కానీ మందు పొగ పీల్చే అలవాటు ఈ దేశంలో నిలిచే ఉంది. పంతొమ్మిదో శతాబ్దపు మొదట్లో మద్రాసులో కంపెనీ ప్రభుత్వ వైద్యాధికారి జేమ్స్ ఆండర్సన్, ఉబ్బసానికి ఉమ్మెత్త వేరును ఎండబెట్టి పొగ పీల్చడం ఇక్కడి వాళ్లను చూసి నేర్చుకున్నాడు. ఆయన చెప్పగా జనరల్ జెంట్ అనే సైనికాధికారి దాన్ని 1802లో బ్రిటన్‌కు తీసుకుపోయాడు. అక్కడి నుంచి యూరప్ అంతటా ఉమ్మెత్త చుట్టలు, ఆస్తమా సిగరెట్లు వచ్చాయి. వందేళ్లకు పైగా మందుల షాపుల్లో అమ్మారు. వాళ్ల చరిత్రలో ఆండర్సన్ పేరుంది, జెంట్ పేరుంది. ఆండర్సన్‌కు నేర్పిన మద్రాసు మనిషి పేరు లేదు.

ఉమ్మెత్తలో పనిచేసేది అట్రోపిన్, దాని చుట్టాలు. అవి శ్వాసనాళాల కండరాన్ని బిగించే నరపు సంకేతాన్ని అడ్డుకుంటాయి. గొట్టం తెరుచుకుంటుంది, వాపు మాత్రం అలాగే ఉంటుంది. మోతాదు కాస్త మించితే నోరు ఎండి, కళ్లు బైర్లుకమ్మి, మతిభ్రమించి, ప్రాణం కూడా పోవచ్చు. మన ఊళ్లలో ఉమ్మెత్త గింజలకు భయపడేది అందుకే. తరువాతి రసాయనవేత్తలు అట్రోపిన్ అణువును కాస్త మార్చి, ఊపిరితిత్తుల్లోనే ఉండి రక్తంలోకి అంతగా పోకుండా ఇప్రాట్రోపియమ్ తయారుచేశారు. ఈనాడు ఆసుపత్రిలో నెబ్యులైజర్‌లో వేసే మందుల్లో అదొకటి. ఉమ్మెత్త పొగకు మనవడు అన్నమాట. తాత దగ్గరికి పోవలసిన అవసరం ఇప్పుడు లేదు.

చైనా మా హువాంగ్ మొక్క కథ కూడా ఇలాంటిదే. 1885లో జపాన్‌కు చెందిన నాగాయి నాగయోషి దాని నుంచి ఎఫిడ్రిన్ వేరుచేశాడు. 1920లలో పెకింగ్‌లో కె.కె. చెన్, కార్ల్ ష్మిట్ దాని పనితీరు తేల్చారు, అది ప్రపంచమంతటా ఉబ్బసం మందు అయింది. కలకత్తా ట్రాపికల్ మెడిసిన్ స్కూల్‌లో ఆర్.ఎన్. చోప్రా భారతదేశపు ఎఫిడ్రా జాతులను పరీక్షించాడు. ఇదీ గొట్టం తెరిచే మందే. గుండెదడ, రక్తపోటు తెస్తుంది కనుక క్రమంగా వెనక్కి పోయింది.

ఎలర్జీ ప్రతిచర్యనే ముందుగా ఆపిన తొలి మందు మాత్రం నైలు నది ఒడ్డు నుంచి వచ్చింది. ఈజిప్టులో ఖెల్లా అనే మొక్క గింజల కషాయాన్ని మూత్రపిండాల్లో రాళ్ల నొప్పికి తాగేవారు. 1879లో దాని నుంచి ఖెల్లిన్ వేరుచేశారు. 1940లలో కైరోలో అన్రెప్ అనే శాస్త్రవేత్త, రాళ్ల కోసం ఖెల్లా తాగిన తన ప్రయోగశాల ఉద్యోగికి గుండెనొప్పి కూడా తగ్గడం గమనించాడు. ఖెల్లిన్ కండరాలను సడలిస్తుంది, కానీ వాంతి వికారం ఎక్కువ. దాన్ని మెరుగుపరచాలని ఇంగ్లండ్‌లో ఒక మందుల కంపెనీ ప్రయోగశాలలో పని మొదలైంది. అక్కడ చేరిన రోజర్ అల్తూన్యాన్ సిరియాలోని అలెప్పోలో పుట్టిన వైద్యుడు, తనే ఉబ్బసం రోగి. గినీ పందుల వెంట్రుకల దుమ్ముకు ఆయనకు ఎలర్జీ. ఆ వెంట్రుకల సారాన్ని తానే పీల్చి, తనకు తానే ఆయాసం తెచ్చుకుని, కొత్త రసాయనం ముందుగా తీసుకుంటే ఆ ఆయాసం తగ్గుతుందా అని కొలిచేవాడు. ఏళ్ల తరబడి, వందల సార్లు. జంతువుల మీద పరీక్షల్లో తేలని సంగతి ఆయన సొంత ఊపిరితిత్తుల్లో తేలింది. 1965లో క్రోమోగ్లైకేట్ దొరికింది. కొద్ది ఏళ్లకే మందుగా విడుదలైంది. పొడి రూపంలో పీల్చేందుకు తిరిగే రెక్క ఉన్న చిన్న పరికరాన్ని కూడా ఆయనే రూపొందించాడు. విమానం నడిపిన అనుభవం దానికి పనికొచ్చింది.

ఈ మందు ఆయాసం మొదలయ్యాక పనిచేయదు. ముందుగా తీసుకుంటే మాస్ట్ కణం హిస్టమిన్ విడవకుండా పట్టి ఉంచుతుంది. ఖెల్లిన్‌కు ఆ గుణం ఈ స్థాయిలో లేదు. మొక్క ఒక దారి చూపింది, ఆ దారిన నడిచి చేరిన చోటు వేరు. తర్వాత పీల్చే స్టెరాయిడ్లు వచ్చి వాపును ఇంకా బాగా చల్లార్చడంతో క్రోమోగ్లైకేట్ ఉబ్బసంలో పక్కకు తప్పుకుంది, కళ్ల ఎలర్జీకి చుక్కల మందుగా ఇంకా నిలిచి ఉంది.

ఉల్లిపాయలో ఉండే క్వెర్సెటిన్ గురించి ఈ మధ్య ప్రచారం ఎక్కువైంది. దానికి మూలం ఉంది. క్వెర్సెటిన్ అణువు నిర్మాణంలో క్రోమోగ్లైకేట్‌ను పోలిన వలయం ఒకటి ఉంది. 1977లో లండన్‌లో ఫ్యూట్రెల్, గోంపర్ట్స్ అనే పరిశోధకులు ఎలుక మాస్ట్ కణాలకు క్వెర్సెటిన్ ఇస్తే హిస్టమిన్ విడుదల తగ్గుతుందని చూపారు. అది గాజు పాత్రలో జరిగిన సంగతి. మనం తిన్న క్వెర్సెటిన్‌ను పేగు, కాలేయం కలిసి చాలావరకు రూపు మార్చేస్తాయి. ముక్కులోని మాస్ట్ కణం దాకా అసలు రూపంలో వెళ్లేది బహు కొద్ది. ఉల్లి తినండి, మంచిదే. తుమ్ములకు మందని మాత్రం అనుకోకండి.

ఇక పసుపు. వినయ పట్టికలో మొదటి వేరు అదే. 1815లో యూరప్‌లో దాని పచ్చ రంగు పదార్థాన్ని వేరుచేసి కర్కుమిన్ అన్నారు, 1910లో నిర్మాణం తేల్చారు. వాపును రగిలించే జన్యువులను మేల్కొలిపే ఎన్‌ఎఫ్-కప్పా-బి అనే సంకేతాన్ని కర్కుమిన్ అణచివేస్తుందని 1990లలో తెలిసింది. ఈ సంకేతం ఎలర్జీ వాపులోనూ పనిచేస్తుంది కనుక ఆశ పుట్టింది. అదే దశకంలో అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి, పసుపును గాయాలకు వాడటం మీద పేటెంట్ కూడా ఇచ్చేశారు. మన సీఎస్‌ఐఆర్ సవాలు చేసింది. పాత గ్రంథాలు, పాత పత్రికల్లోని వ్యాసాలు సాక్ష్యంగా చూపి 1997లో దాన్ని రద్దు చేయించింది. దేశమంతా సంబరపడింది. సంబరంలో ఒక సంగతి మరుగున పడింది. పసుపు వాడకం పాతదని తేలింది గానీ, ఏ జబ్బుకు ఎంతవరకు పనిచేస్తుందన్నది ఆ కేసులో ప్రశ్నే కాదు.

పసుపుతో ఇబ్బంది ఒంట్లోకి ఎక్కకపోవడం. పసుపు కొమ్ములో కర్కుమిన్ నూటికి మూడు పాళ్ల చుట్టుపక్కల ఉంటుంది. మింగినదాంట్లో రక్తంలోకి చేరేది నామమాత్రం. 1998లో బెంగళూరులోని సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు మనుషులకు 2 గ్రాముల కర్కుమిన్‌తో పాటు మిరియాల్లోని పైపరిన్ 20 మిల్లీగ్రాములు ఇస్తే, రక్తంలోకి చేరే పాలు 20 రెట్లు పెరిగిందని ప్రకటించారు. పసుపు, మిరియాలు రెండూ వినయ పట్టికల్లో ఉన్నాయి కదా, అప్పుడే తెలుసన్నమాట అని కొందరు మిత్రులు ఉత్సాహపడతారు. అవి ఉన్నది వేరువేరు వాక్యాల్లో, ఒకటి వేర్లలో, ఒకటి కాయల్లో. కలిపి తినమని ఎక్కడా లేదు. పైగా పైపరిన్ ఆ పని చేసేది మందులను విరగ్గొట్టే శక్తిని పేగులోనూ కాలేయంలోనూ తగ్గించి. అంటే మీరు వాడే వేరే మందుల మోతాదు కూడా రక్తంలో పెరగవచ్చు. మూర్ఛ మందులు, రక్తం పలుచబరిచే మందులు వాడేవాళ్లు ఈ బిళ్లల జోలికి డాక్టరును అడగకుండా పోకూడదు.

మనుషుల మీద సరైన పరీక్ష ఎలా ఉంటుందో మన దేశంలోనే మంచి ఉదాహరణలున్నాయి. మేకమేయని ఆకు అని మనం పిలిచే తీగ ఉంది, శాస్త్రీయ నామం టైలోఫోరా ఇండికా. 1960ల చివర్లో ఢిల్లీలోని వల్లభ్‌భాయ్ పటేల్ చెస్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో డి.ఎన్. శివ్‌పురి బృందం దీన్ని ఉబ్బసం రోగుల మీద పరీక్షించింది. కొందరికి రోజుకో ఆకు చొప్పున ఆరు రోజులు నమలనిచ్చారు. మరికొందరికి గుణం లేని ఉత్తుత్తి మందు. ఎవరికి ఏది అందిందో రోగికీ తెలియదు, లెక్క రాసే వైద్యుడికీ తెలియదు. ఆకు నమిలిన వాళ్లలో ఉపశమనం ఎక్కువ కనిపించింది, కొందరిలో వారాల పాటు నిలిచింది. నోరు పూయడం, రుచి తెలియకపోవడం, వాంతి కూడా కనిపించాయి. మేకలు ఊరికే వదిలేయలేదు మరి. అయితే 1979లో ప్రచురితమైన మరో పరీక్షలో ఈ మొక్కకూ ఉత్తుత్తి మందుకూ తేడా కనిపించలేదు. వినయ పట్టికలోని కటుకరోహిణికీ ఇదే గతి పట్టింది. జర్మనీ పరిశోధకులు దాని నుంచి తీసిన ఆండ్రోసిన్ గినీ పందుల్లో ఎలర్జీ ఆయాసాన్ని తగ్గించింది. కానీ 1983లో వెలువడిన బొంబాయి పరీక్షలో ఉబ్బసం రోగులకు ఆ వేరు పొడితో చెప్పుకోదగ్గ మేలు జరగలేదు.

ఇది ఓటమి కాదు. ఉత్తుత్తి మందు తీసుకున్న వాళ్లలో కూడా కొందరికి తగ్గుతుంది. ఉబ్బసం తనంతట తాను పెరిగి తగ్గే జబ్బు కనుక, పెరిగినప్పుడు వేసిన ప్రతి మందూ తగ్గినప్పుడు పేరు కొట్టేస్తుంది. కేసపుత్తంలో కాలాములకు బుద్ధుడు చెప్పినది ఇక్కడ సరిగ్గా పనికొస్తుంది. వినికిడి వల్ల గానీ, గ్రంథంలో ఉందని గానీ, చెప్పినవాడు మన గురువని గానీ నమ్మవద్దన్న హెచ్చరిక వినయ పిటకానికి కూడా వర్తిస్తుంది. బాబాసాహెబ్ అంబేడ్కర్ 'బుద్ధుడు, ఆయన ధమ్మం'లో ఏది బుద్ధవచనమో తేల్చడానికి పెట్టిన గీటురాళ్లు కూడా హేతువు, మనిషి మేలు. మూలికల పట్టికకు అంతకంటే తక్కువ గీటురాయి ఎందుకు పెట్టాలి?

ఈ వైద్యం ఎవరి చేతుల్లో పెరిగిందో కూడా చెప్పుకోవాలి. మనుస్మృతి వైద్యుడి అన్నాన్ని చీముతో పోల్చింది. శ్రాద్ధాల్లో వైద్యుడిని పిలవరాదంది. అన్ని కులాల ఒళ్లూ తాకేవాడు, పుండ్లు కడిగేవాడు ఆ లెక్కలో మైలవాడు. శ్రమణులకు ఆ మైల లేదు. కెన్నెత్ జిస్క్ 1991లో రాసిన గ్రంథంలో, భారతీయ వైద్యం పరిశీలన మీద నిలబడటానికి బౌద్ధ విహారాలే ప్రధాన స్థలమని వాదించాడు. దేవీప్రసాద్ చట్టోపాధ్యాయ అంతకుముందే వైద్యుల మీద ధర్మశాస్త్రాల ద్వేషాన్ని విప్పి చూపించాడు. రాజగృహ గణిక సాలవతికి పుట్టి, చెత్తకుప్ప మీద పారేయబడిన జీవకుడు తక్షశిలలో ఏడేళ్లు చదివి వైద్యుడయ్యాడు. గురువు పరీక్షగా, యోజనం మేర తిరిగి మందుకు పనికిరాని మొక్క ఒకటి తెమ్మంటే, అలాంటిదేదీ కనిపించలేదని వట్టి చేతులతో వచ్చాడట. ఆ కథను చాలామంది మొక్కల మహిమగా చెబుతారు. మాకు అందులో ఒక విద్యార్థి కాళ్లరిగేలా తిరిగి ఒక్కో మొక్కనూ చూసిన శ్రమ కనిపిస్తుంది.

అయితే దీన్ని మరీ స్వర్ణయుగం చేయనక్కరలేదు. జీవకుడు రాజుకూ సంఘానికీ తప్ప వైద్యం చేయలేకపోతున్నాడని, కుష్ఠు, కురుపులు, చర్మవ్యాధి, క్షయ, మూర్ఛ ఉన్న జనం కేవలం వైద్యం కోసం భిక్షువులు కాసాగారు. చివరకు ఆ అయిదు జబ్బులున్న వాళ్లకు ప్రవ్రజ్య ఇవ్వరాదని నియమం వచ్చింది. బేలట్ఠసీసుడికి దొరికిన చూర్ణం గేటు బయట ఉన్నవాడికి దొరకలేదు. వినయం ఈ సంగతిని దాచకుండా రాసి పెట్టింది, అంతవరకు మెచ్చుకుందాం.

దాచకపోవడం గురించే ఇంకొక మాట. బేలువ గ్రామంలో జబ్బుపడి లేచిన బుద్ధుడు, తనకు 'ఆచరియముట్ఠి' లేదని, శిష్యుల నుంచి దాచిపెట్టే గురువు పిడికిలి తనది కాదని ఆనందుడితో అన్నాడు. వినయంలోని మూలికల పట్టిక తెరిచిన పిడికిలి. పేర్లు, భాగాలు, ఎలా దంచాలి, ఎన్నాళ్లు దాచాలి అన్నీ బయటే ఉన్నాయి కనుక 1983లో ఎవరైనా తీసి పరీక్షించగలిగారు. హైదరాబాద్‌లో ఏటా మృగశిర కార్తె రోజున ఉబ్బసానికి బతికున్న కొర్రమీను నోట్లో పెట్టి మందు మింగించడం మనందరికీ తెలుసు. ఉచితంగానే ఇస్తారు, దేశం నలుమూలల నుంచీ జనం వస్తారు. అందులో ఏముందో చెప్పరు. జనవిజ్ఞాన వేదిక వంటి సంస్థలు ప్రశ్నించి, వివాదం కోర్టులకెక్కాక, 'చేప మందు' కాస్తా 'చేప ప్రసాదం' అయింది. మందు అంటే పరీక్షకు నిలబడాలి, ప్రసాదం అంటే కళ్లకద్దుకోవాలి. ఆ పేరు మార్పులోనే విషయమంతా ఉంది. క్యూలో నిలబడే పేదవాడిని మేం తప్పుపట్టం. పీల్చే మందు కొనలేని వాడికీ, అది ఎలా పీల్చాలో ఎవరూ ఓపికగా చూపించని వాడికీ చేపే కనిపిస్తుంది.

మొక్క అంటే మెత్తనిదే అన్న భ్రమ కూడా వదలాలి. ఎలర్జీ వాపును రేపే మొక్కలు తక్కువేమీ లేవు, వాటి దెబ్బ తగిలేది ఎక్కువగా చేతులతో పనిచేసే వాళ్లకే. నల్లజీడి గింజ రసంతో చాకలి వాళ్లు బట్టల మీద గుర్తులు పెట్టేవారు. ఆ రసం ఒంటికి తగిలితే కొందరికి బొబ్బలు లేస్తాయి. ఇది హిస్టమిన్ రకం కాదు, ఒకటి రెండు రోజులు ఆగి వచ్చే మరో రకం ఎలర్జీ. రెండో ప్రపంచయుద్ధ కాలంలో మన దేశానికి వచ్చిన సైనికులకు చొక్కా మెడపట్టీ దగ్గర ఆ గుర్తు తగిలి దద్దు లేస్తే, వైద్య పత్రికలు దానికి 'ధోబీ' పేరుతోనే జబ్బు పేరు పెట్టాయి. చొక్కా తొడుక్కున్నవాడి బొబ్బ వైద్య చరిత్రలోకి ఎక్కింది. గింజ చిదిపిన చేతి బొబ్బ ఎక్కలేదు. 1950ల మధ్యలో పుణెలో కనిపించి దేశమంతా పాకిన వయ్యారిభామ కలుపు సంగతీ అంతే. దిగుమతి గోధుమలతో వచ్చిందంటారు. దానిలోని పార్థెనిన్ వల్ల పొలంలో పనిచేసే వాళ్లకు ముఖం, కనురెప్పలు, మెడ, మోచేతుల మడతల్లో చర్మం నల్లబడి, మందమై, రాత్రింబవళ్లు దురద పెడుతుంది. కలుపు తీయడం మానేస్తే కూలి ఉండదు.

ఇంట్లో ఉబ్బసం రోగి ఉన్న పాఠకులకు నేరుగా ఒకటి చెబుతాం. డాక్టరు ఇచ్చిన పీల్చే మందును ఏ ఆకు కోసం కూడా సొంతంగా ఆపవద్దు. అందులోని స్టెరాయిడ్ మోతాదు చాలా తక్కువ, అది వాపు దగ్గరికే పోతుంది. ఆపితే వాపు నిశ్శబ్దంగా పెరిగి ఒక రాత్రి ప్రాణం మీదికి తెస్తుంది. 'పూర్తిగా మూలికలే' అని పొట్లం కట్టి ఇచ్చే పొడి రెండు రోజుల్లో అద్భుతంగా పనిచేస్తే అనుమానించండి. అలాంటి వాటిలో పేరు చెప్పని స్టెరాయిడ్ కలిపి ఉండటం పరీక్షల్లో చాలాసార్లు బయటపడింది. ముఖం ఉబ్బడం, చక్కెర పెరగడం దాని గుర్తులు. దగ్గుకు వాడే అతిమధురం కూడా రోజూ ఎక్కువగా తింటే ఒంట్లోని కార్టిసాల్ విరగకుండా అడ్డుపడి, పొటాషియం తగ్గించి, రక్తపోటు పెంచుతుంది. అది వాపు తగ్గించే దారీ అదే, హాని చేసే దారీ అదే.

కర్నూలు జిల్లాలో గుత్తి నుంచి పత్తికొండ వెళ్లే దారిలో ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. వాటిలో రెండో శాసనం మనుషులకూ పశువులకూ రెండు రకాల వైద్యం ఏర్పాటు చేసిన సంగతి చెబుతుంది. చోళ, పాండ్య, తామ్రపర్ణి, యవన రాజ్యాల దాకా ఎక్కడ ఔషధ మొక్కలు లేవో అక్కడికి తెప్పించి నాటించానని, వేర్లూ పండ్లూ కూడా అలాగే చేశానని రాయించాడు. శాసనం చెప్పేది పెరుక్కొచ్చిన మొక్కల గురించి కాదు, నాటిన మొక్కల గురించి. వినయ పట్టికలోని కటుకరోహిణి హిమాలయాల్లో ఎత్తయిన చోట్ల పెరిగే చిన్న మొక్క. కావలసింది వేరే కనుక తీసిన ప్రతిసారీ మొక్క చస్తుంది. విచ్చలవిడిగా తవ్వేయడంతో అది ఇప్పుడు అంతరించే ప్రమాదంలో ఉన్న మొక్కల్లో చేరి, దాని అంతర్జాతీయ వ్యాపారం మీద ఆంక్షలు వచ్చాయి. పట్టికలో దాని పక్కనే ఉన్న అతివసనూ అలాగే తవ్వేస్తున్నారు.